మూడోసారి లాగితే...

పరుగు!

వర్క్‌షాప్ నుంచి ప్లాట్‌ఫామ్‌కి నలభై మెట్లు. మెకానిక్ రెండేసి చొప్పున ఎక్కుతున్నాడు. చెవిలో ఇంకా ఫోన్‌లో భార్య గొంతే...

"ఏమండీ! మీ తమ్ముడు పాపని టెస్ట్ రైడ్ ఎక్కించాడు. ముందు వరస, ఎడమ సీటు!"

ఆ సీటు!

అందులో కూర్చోవాల్సింది తమ్ముడు. రోజూ సాయంత్రం గేట్లు తెరిచే ముందు రోలర్ కోస్టర్‌ని జనం లేకుండా ఒక రౌండ్ తిప్పుతారు. ముందు వరస, ఎడమ సీట్లో ఇన్‌చార్జి కూర్చుంటాడు. ఇక్కడి పద్ధతి అది.

ఇన్‌చార్జి!

పదిహేనేళ్లు గ్రీజులో మునిగింది తను. కుర్చీ ఎక్కింది నిన్నగాక మొన్న వచ్చిన తమ్ముడు. అమ్మ ఫోన్ చేసినా వాడి ప్రమోషన్ ముచ్చటే! వాడి నవ్వు చూస్తే చాలు, కడుపు రగిలిపోయేది.

అందుకే... ఆ సీట్లో మనిషిని పట్టి ఉంచే సేఫ్టీ బార్ పిన్నుని ఆకురాయితో అరగదీశాడు. ఒకసారి లాగితే బార్ కదలదు. రెండోసారీ కదలదు. చెకింగ్‌లో అందరూ లాగేది రెండుసార్లే. పైన మొదటి మలుపులో మాత్రం...

ఇప్పుడు అందులో తన కూతురు!

ప్లాట్‌ఫామ్!

రైలు కదిలిపోయింది. చైన్ టకటకమంటూ ఎత్తుకి లాగుతోంది. ముందు సీట్లో పాప గులాబీ రంగు జాకెట్!

"ఆపండ్రా!"

కంట్రోల్ రూమ్ తలుపుని భుజంతో గుద్దాడు. ఎర్ర బటన్ మీద పిడికిలి!

కీచుమంటూ రైలు ఆగింది. శిఖరానికి రెండు గజాలు...

తమ్ముడు కుర్చీలోంచి లేవలేదు.

"ఎందుకు ఆపావు అన్నయ్యా?"

"పిన్ను! బార్ పిన్ను అరిగిపోయింది! పాపని దింపరా... నీ కాళ్లు పట్టుకుంటా!"

"అరిగిందని నీకెవరు చెప్పారు?"

మెకానిక్ కిటికీలోంచి పైనున్న గులాబీ జాకెట్ వైపు చూశాడు.

"పొద్దున నేనొక్కడినే చూశాను. పార్కులో పనిచేసేవాళ్లెవరికీ చెప్పలేదు. పిన్ను మార్చేశాను. ఆ జాకెట్‌లో ఉన్నది నీళ్లు నింపిన టెస్టింగ్ బొమ్మ. పాప ఇంట్లోనే ఉంది."

వెనక అడుగుల చప్పుడు. ఇన్‌స్పెక్టర్! పక్కనే భార్య, చేతిలో ఫోన్.

"ఫోన్ అయితే చేశాను గానీ... మీరు పరిగెత్తుకు రాకూడదనే మొక్కుకున్నానండీ."

మెకానిక్ తమ్ముడి వైపు తిరిగాడు.

"ఎలా... ఎలా కనిపెట్టావురా?"

తమ్ముడి కళ్లలో నీళ్లు.

"మూడోసారి లాగాను. మొదటి రోజు నువ్వే కదా నేర్పింది? రూల్ ప్రకారం రెండుసార్లు... ఇంట్లో ఎదురుచూసేవాళ్ల కోసం ఇంకోసారి అని!"

బేడీలు పడ్డాయి. ఇన్‌స్పెక్టర్ వాటిని ఓసారి లాగి చూశాడు.

అప్పుడే మేనేజర్ వచ్చాడు. నేరుగా తమ్ముడి దగ్గరికే వెళ్లాడు. భుజం తట్టాడు.

"శభాష్!"

అంతే... చేతులకి బేడీలుండగానే మెకానిక్‌కి మళ్లీ ఒళ్లు మండిపోయింది!