జానెడు చూపు

విశాఖపట్నంలో పదో తరగతి పరీక్షలు అయిపోగానే పిల్లలకు కళ్ళు చెక్కించడం 2078 నాటికి మామూలైపోయింది. చెవులు కుట్టించినంత సులువు. కళ్ళజోడంటే ఏమిటో ఆ పిల్లలకు తెలియదు. పాత ఫొటోలు చూసి, తాతగారి ముక్కు మీద అదేమిటని అడుగుతారు.

ఇదంతా డాక్టర్ యోషిత చలవే. ఆమె కనిపెట్టిన యంత్రం పేరు ‘చూపుచెక్కు’. కంటి ముందుండే పారదర్శకమైన పొర, అంటే కార్నియా, ఎక్కడెంత వంపు తిరిగిందో కొలిచి అది ముందుగా ‘కంటిపటం’ గీస్తుంది. తరవాత లేజర్‌తో ఆ వంపులు సరిచేస్తుంది. తొమ్మిది సెకన్ల పని. లోకమంతా యోషితను నెత్తిన పెట్టుకుంది, ఒక్క మొగుడు తప్ప.

రుత్విక్ హార్బర్లో పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. భార్య పోరు పడలేక ఒకసారి కంటిపటం గీయించుకున్నాడు గానీ, లేజర్ కింద పడుకోనన్నాడు. పోయేదాకా కళ్ళజోడు వదల్లేదు. యోషితకు తల కొట్టేసినట్టుండేది. అంతకన్నా ఎక్కువగా నలిపిన సంగతి ఇంకొకటి ఉంది. ఆమె నలభై రెండో ఏట ప్రయోగశాలలో లేజర్ తగిలి ఎడమ బుగ్గ కాలింది. ఆ తరవాతి రోజుల్లోనే అతనికో అలవాటు మొదలైంది. ఆమె దగ్గరకు జరిగినప్పుడల్లా కళ్ళజోడు తీసి పక్కన పెట్టేవాడు.

“ఎందుకు తీస్తావు?” అని ఒకసారి అడిగేసింది.

“నిన్ను చూడ్డానికి అద్దాలెందుకే?” అని నవ్వేశాడు.

అది జవాబో, మచ్చ చూడలేక దాటవేసిన మాటో ఆమెకు ఇరవై ఏళ్ళూ తేలలేదు. గట్టిగా అడుగుదామంటే మనిషి పోయి మూడేళ్ళయింది. అతని కంటిపటం మాత్రం యంత్రంలో భద్రంగా ఉంది. ఆ పటాన్ని తన కళ్ళ మీద చెక్కించుకుని, అతనికి తను ఎలా కనబడేదో చూడాలని ఆ సోమవారం యంత్రం కింద పడుకుంది.

“బంగారంలాటి కళ్ళు పాడుచేసుకుంటానంటారేటి మేడమ్?” అన్నాడు పైడిరాజు. పాతికేళ్ళుగా ఆమెతో పనిచేస్తున్న సర్జన్. “గంటలోపైతే వెనక్కి తేగలం. ఆ తర్వాత పొర గట్టిపడిపోద్ది. మీకు తెలీందేటుంది?”

“తెలుసు. కానివ్వు.”

తొమ్మిది సెకన్లు గడిచాయి. లేచి గోడ అద్దం ముందు నిలబడింది. అద్దంలో మొహం లేదు, పిండిముద్దలా ఏదో తెల్లగా ఉంది. కళ్ళూ లేవు, మచ్చా లేదు. అయితే నిజమే, తనను చెరిపేసుకోవడానికే తీసేవాడు. యోషితకు ఏడుపొచ్చింది.

“ఈ కళ్ళకు స్పష్టంగా కనబడే దూరం ఇరవై రెండు సెంటీమీటర్లు,” అంది యంత్రం. “సుమారు జానెడు.”

జానెడు దూరానికి జరిగింది. అయినా అలుక్కుపోయినట్టే ఉంది. అప్పటికి గానీ ఆమెలోని శాస్త్రవేత్త మేలుకోలేదు. అద్దంలో మనిషి అద్దానికి అవతల అంత దూరంలోనే ఉంటుంది కదా, అంటే మొత్తం రెండు జానలు. ఇంకా సగం జరిగింది, ముక్కుకీ అద్దానికీ మధ్య బెత్తెడే మిగిలేటంతగా. అప్పుడు కనబడింది మచ్చ. దాని అంచులు, అందులోని సన్నటి గీతలు, మధ్యలో మొలిచిన రెండు నూగు వెంట్రుకలు కూడా. వెనకున్న గది, పైడిరాజు, కిటికీ అన్నీ మాయమైపోయాయి. ఆ కళ్ళకు తన మొహం ఒక్కటే మిగిలింది.

జానెడంటే పక్క తలగడంత దూరం. అతను చూడలేక తీయలేదు, చూడ్డానికే తీశాడు.

మరి అదే దూరంలో అతను తనకెలా కనబడేవాడు? నలభై దాటితే కంటి లోపలి కటకం ఎవరికైనా బిగుసుకుపోయి దగ్గరివి ఆనవు. దూరానికి చేసిన అద్దాలు పెట్టుకుంటే రుత్విక్‌కూ అంతే, తీస్తేనే జానెడు దూరం తేటపడేది. చూపుచెక్కు దూరపు చూపునే దిద్దుతుంది. దగ్గరివి మసకబారినా తెరల మీద అక్షరాలు వాటంతటవే పెద్దవవుతాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. యోషితా పట్టించుకోలేదు. ఆ తలగడ మీద ఇరవై ఏళ్ళు ఆమె చూసింది ఒక మసకనే. లోకానికి చూపునిచ్చిన మనిషి, పక్కనున్నవాణ్ణి చూడకుండానే సాగనంపింది.

“గంట కావొస్తోంది. పాత చూపు తిరిగి చెక్కమంటారా?” అని యంత్రం అడిగింది.

“వద్దు.”

“ఎదర మనిషి కనబడడు మేడమ్,” అన్నాడు పైడిరాజు.

“అందరూ కనబడేవారు పైడిరాజూ. ఒక్కడే కనబడలేదు.”

సంచిలోంచి రుత్విక్ కళ్ళజోడు తీసి పెట్టుకుంది. కొలత పెట్టి చేయించినట్టు కుదిరింది. దానితోనే దారి చూసుకుంటూ ఇంటికి చేరి, గోడ మీది అతని ఫొటో దించింది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, ఫొటోను జానెడు దూరానికి తెచ్చుకుంది.

అతని ఎడమ కనుబొమ కింద చిన్న కాలిన మచ్చ ఉంది. ఏ ఇంజన్ దగ్గర తగిలిందో, ఎన్నాళ్ళు మండిందో ఆమె ఎప్పుడూ అడగలేదు.