ఏడో షెడ్డులో పలికిందెవరు

విడవలూరు అవతలి రొయ్యల గుంటల్లో ఏడో షెడ్డుకు మంచి పేరు లేదు. కాపలా మస్తానయ్య పోయినేడు అందులోనే నిద్రలో పోయినాడు. బతికున్నప్పుడు ఎవరు కేకేసినా "ఉండా..." అనేవాడు. పోయినాక కూడా అంటున్నాడని ఊళ్లో మాట.

ఈ సంగతి గుంటలకు ప్రోగ్రాం రాసిన రెజీనా నాకు చెప్పింది. దెయ్యాలు పందుల్లో దూరినాయని తను సండే స్కూల్లో బైబిలు కథగా విన్నది గానీ, రొయ్యల్లో దూరినాయని వినలేదు.

నీళ్లలో ఆక్సిజన్ చూడ్డానికి షెడ్డుకో పెట్టె. రెజీనా ప్రోగ్రాం అయిదు నిమిషాలకోసారి వాటిని పిలుస్తుంది. జవాబు కోసం కాచుకోదు — ఒకదాన్ని పిలిచి, వెంటనే ఇంకోదాన్ని. తర్వాత ఏ పెట్టె లైను కదిలితే, ఆ గుంటకు రైతు ఫోనులో అంతా బాగుందని పచ్చ చుక్క.

ఆ రాత్రి ఏడో గుంట రైతు పెంచలకృష్ణ ఫోను చేసినాడు. గొంతు తగ్గించి—

"రెజీనమ్మా... షెడ్డులో కరెంటు పోయి గంటైంది. ఏరియేటర్లు ఆగిపోయినాయి, నీళ్లకు గాలి లేదు. చుక్క మాత్రం... పచ్చగానే ఉండాది."

"లోపలికి పోయి చూసినావా అన్నా?"

"మస్తానయ్య పలుకుతుంటే నేనెట్ట పోయేది?"

రెజీనా స్కూటీ మీద వచ్చింది. తలుపు తోసింది. కాలిన వైర్ల వాసన... పెట్టె నల్లగా మాడిపోయుంది. పెంచలకృష్ణ ఫోను చూపించినాడు. పచ్చ చుక్క.

ఆమె ఫోను ఆపి మళ్లీ తెరిచింది. అయినా పచ్చే.

గుంటలో రొయ్యలు ఊపిరాడక పైకి తేలుతున్నాయి. ముందు జనరేటరు వేయించి, గట్టు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది.

అప్పుడు దొరికింది. లైను కదిలితే అవతల పలికినట్టేనని అనుకుంది. అవతల పలక్కుండా, పిలుపును వద్దని తోసేసినా లైను కదులుతుంది. కదిలినాక "ఏమన్నా తప్పు జరిగిందా" అని సాకెట్‌ను, అంటే ఆ లైను ఇవతలి కొసను, అడగాలి. ఆ ఒక్క వాక్యం రాయలేదు. పెట్టెను నెట్‌కు కలిపే మోడెమ్ బ్యాటరీతో బతికుండి, పెట్టె లేదు పొమ్మంటుంటే... ఈమె పచ్చ చుక్క పెడుతోంది.

"అయితే మస్తానయ్య కాదా?" పెంచలకృష్ణ గొంతులో కొంచెం నిరాశ.

"కాదన్నా. నేనే."

ఆ వాక్యం రాసి ప్రోగ్రాం మళ్లీ నడిపింది. ఏడు ఎర్రబడింది.

తర్వాత... తొమ్మిది. పన్నెండు. పదహారు.

"పదహారు మా బామ్మర్దిది," అన్నాడు పెంచలకృష్ణ మెల్లగా.

ఆ మూడు షెడ్లకూ కరెంటు పోయినట్టుంది. తొమ్మిది, పన్నెండు రైతులు ఫోను ఎత్తి, జనరేటర్లు వేయడానికి పరిగెత్తినారు. బామ్మర్ది ఎత్తలేదు. ఇద్దరూ స్కూటీ మీద పోయి తలుపు బాదినారు. లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చినాడు.

"ఏం కాలేదులే బావా. పచ్చ చుక్క చూసే కదా పడుకునింది."

రెజీనా టార్చి గుంట మీదికి తిప్పింది. సగం రొయ్యలు అప్పటికే చచ్చి తెల్లగా తేలున్నాయి.