గుర్తులేని ప్రేక్షకుడు

ఆ రోజు రెండో సినిమా మొదలయ్యేసరికి సన్యాసిరావు నాలుకను పళ్ళ మధ్య అదిమిపెట్టుకున్నాడు. పెదవులు కదలకుండా ఉండడానికి ఆయనకు తెలిసిన ఉపాయం అదొక్కటే.

విశాఖ స్మృతిశాలలో నలభై గదులు. గదికొక ప్రేక్షకుడు, మణికట్టుకు నాడిపట్టీ. పాత కుటుంబచిత్రాలు చూడడమే వాళ్ళ ఉద్యోగం. ఏ సన్నివేశం దగ్గర నాడి ఎగిరితే, దాన్ని చదునుయంత్రం అన్ని ప్రతుల్లోంచీ చెరిపేస్తుంది. జనం ప్రశాంతంగా ఉండాలట! సినిమాను ముందే ఎరిగినవాడు మాత్రం ఆ కుర్చీలో కూర్చోకూడదు. అతను సాక్షి. గుర్తున్నవాడు ఒక్కడున్నా కోత చెల్లదని చట్టం కాబట్టి, సాక్షి దొరికితే ముందు అతని జ్ఞాపకాన్నే చదును చేస్తారు.

సన్యాసిరావు ఎరగని పాత సినిమా లేదు. అన్నీ నాయనమ్మ పక్కన కూర్చుని చూసినవే. ఒక్కటీ చూడలేదని సంతకం పెట్టి, గుండె రాయి చేసుకుని, ఆరేళ్ళలో రెండొందల సినిమాలను కోత పడకుండా గట్టెక్కించాడు. సినిమా పిచ్చి మనిషి చేత ఏమైనా చేయిస్తుంది.

తెర మీద అన్నదమ్ములు ఇంటి నడుమ గోడ కడుతున్నారు. తల్లి అరుగు మీద కూర్చుని చూస్తోంది. సన్యాసిరావు ఈ సినిమా పందొమ్మిదిసార్లు చూశాడు. చిన్నకొడుకు ఇటుక కింద పెట్టి తల్లివైపు తిరిగాడు. సన్యాసిరావు నాలుక పట్టు తప్పింది.

బొమ్మ ఆగిపోయింది. తలుపు తీసుకుని పర్యవేక్షకురాలు హైమవతి వచ్చింది.

"సన్యాసిరావు గారూ, డైలాగు కంటే ముందే మీ పెదాలు కదిలాయండి."

"ఆవులింతమ్మా."

"ఆవులింతకి మాటలుంటాయా? నాడి కూడా ఎగిరింది. ఈ సినిమా ఎరగనంటే కోత ఇప్పుడే మొదలవుద్ది. ఎరుగుదునంటే నాతో పక్కగదికి రావాల."

పోయిన నెల ఆ గదిలోకి వెళ్ళిన తోటి ప్రేక్షకుడు అప్పలస్వామి తిరిగొచ్చి, కట్టుకున్న భార్యను "మీరెవరండీ?" అని అడిగాడు. అవునన్నా కాదన్నా సన్నివేశం పోతుంది. కాదంటే తనైనా మిగులుతాడు. కాదనాలనే నోరు తెరిచాడు. చెయ్యి మాత్రం కుర్చీ పక్కకి పాకింది.

అన్ని గదుల్లోలాగే అక్కడ, ఒంట్లో బాగోకపోతే నొక్కమని ఒక మీట ఉంది. నొక్కితే మాట నలభై గదులకూ వినబడుతుంది. సన్యాసిరావు దాన్ని నొక్కాడు.

"అమ్మా, ఈ గోడ లేచాక నువ్వు ఏ పక్కన పడుకుంటావే?" అన్నాడు. అది చిన్నకొడుకు మాట. "తల్లి ఏమంటాదో ఎవరికైనా గుర్తుంటే చెప్పండి బాబూ. నాకు భయంగా ఉంది."

హైమవతి ఆయన చెయ్యి పట్టుకుని లేపబోయింది. అప్పుడు ఏదో గదిలోంచి ఒక ఆడగొంతు వణుకుతూ వచ్చింది.

"వానొస్తే ఏ పక్క కారుతుందో, ఆ పక్కనరా."

ఆ వెంటనే ఇంకో గొంతు అదే మాట అంది. తర్వాత ముగ్గురు కలిసి అన్నారు. తెర మీద సాక్షుల సంఖ్య ఐదు, పదకొండు, ఇరవైమూడు అని పెరుగుతూ పోయింది. అందరూ చూడలేదని సంతకం పెట్టినవాళ్ళే. ఇంతమందిని పక్కగదికి పంపే వీల్లేక, చదునుయంత్రం కోత మొదలుపెట్టకుండా ఆగిపోయింది.

హైమవతి ఆయన చెయ్యి వదిలేసింది. నడవాలోకి ఒకసారి తొంగిచూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇంతకీ ఆ గోడ లేచిందా అండీ?"