నాలుగో మంచం నుంచి రెండు పిలుపులు

గోపాలస్వామికి ఒక మంచి గుణం ఉండేది. ఎవరినీ ఏదీ అడిగేవాడు కాదు. అడిగి ఎదుటివాడి పొద్దు పాడుచెయ్యడం పాపం అనేవాడు. రేడియో రిపేరు కూడా అట్లా తనంతట తనే నేర్చుకున్నాడు. మొదట్లో బాగుచేసిన సెట్లకన్నా తగలబెట్టినవే ఎక్కువని తొండియార్‌పేటకంతా తెలుసు. అతనికీ తెలుసు.

తొంభై ఆరులో వీధి చివరి నర్సింగ్ హోమ్‌వాళ్ళు అతనికి కబురు పెట్టారు. కింద హాల్లో ఎనిమిది మంచాలు. ఒక్కో రోగి మెడలో ఒక బటన్ వేలాడాలి. నొక్కితే పక్కగదిలో నర్సు ముందున్న బోర్డు మీద ఆ మంచం బల్బు వెలగాలి, గంట మోగాలి. మధ్యలో వైరు ఉండకూడదు.

చేశాడు. అయితే ఎనిమిదీ ఒకే గదిలో, ఒకే ఫ్రీక్వెన్సీ మీద. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఏ పిలుపూ బోర్డుకు చేరదు. పెళ్ళిలో రెండు మేళాలు కలిసి వాయించినట్టు, చప్పుడే గాని పాట ఉండదు. అందుకని వరస పెట్టాడు. ఎవరు ఎప్పుడు నొక్కినా ఒకటో మంచం పిలుపు ఒకటో సెకనులో, రెండోది రెండో సెకనులో... ఎవరి వంతు వాళ్ళది.

అయినా హార్బరు వైర్‌లెస్ సెట్లకో, ఎదురింటి కార్డ్‌లెస్ ఫోనుకో గంట ఉత్తినే మోగేది. అప్పుడు అవ్వ మాట గుర్తొచ్చింది. "చీకట్లో ఎవరన్నా పిలిస్తే మూడోసారి దాకా పలకొద్దురా. గాలికి మూడుసార్లు పిలిచే ఓపిక ఉండదు." అంతే, ఒకే మంచం నుంచి వరసగా మూడు పిలుపులు అందితేనే గంట మోగేట్టు మార్చాడు. ఉత్త మోతలు ఆగిపోయాయి. ఆ తెలివికి మురిసిపోయి రెండు రోజులు అద్దాన్ని వదల్లేదు.

ఆ నెలలోనే అతని అక్క అమ్మణి గుండెజబ్బుతో నాలుగో మంచంలో చేరింది.

"ఈ తాయెత్తు నొక్కితే నువ్వొస్తావా, నర్సొస్తుందా?"

"నర్సేనక్కా."

"అట్లయితే బతుకుతాలే."

డిసెంబరు వాన. వీధిలో మోకాలిలోతు నీళ్ళు. మిగతా రోగులంతా ఇళ్ళకు వెళ్ళిపోయారు. హాల్లో అమ్మణి ఒక్కతే. మిగిలిన ఏడు బటన్లూ బ్యాటరీలు తీసి ట్రేలో పెట్టేశారు. మధ్యాహ్నం మూడింటికే చీకటి కమ్మింది. కరెంటు పోయింది. ఫినాయిలు వాసన, నానిన సున్నం వాసన. బోర్డు మాత్రం బ్యాటరీ మీద నడుస్తోంది. దాని ముందు గోపాలస్వామి, నర్సు లూర్దుమేరి టీ తాగుతున్నారు.

నాలుగో బల్బు మినుకుమంది. మళ్ళీ మినుకుమంది. ఆగిపోయింది.

లూర్దుమేరి లేచింది. "పోయి చూసేసి వస్తా సార్."

"కూర్చోమ్మా. అది గాలి. మనిషయితే మూడు."

ఒకటి... రెండు...

వాన చప్పుడు.

ఒకటి... రెండు...

"గాలయితే..." ఆమె గొంతు తగ్గించింది, "ఎందుకు సార్ ఎప్పుడూ నాలుగే?"

గోపాలస్వామి టీ గ్లాసు కింద పెట్టాడు. పెట్టాననుకున్నాడు. అది నేలమీద పగిలిన చప్పుడు వినబడేసరికి అతను హాలు గుమ్మం దగ్గరున్నాడు.

అక్క పెదాలు నల్లబడి ఉన్నాయి. బొటనవేలు బటన్ మీదే ఉంది.

"మూడోది కూడా... నేను నొక్కినా రా." ఊపిరి కోసం వెతుక్కుంది. "మూడోది నొక్కినప్పుడంతా... నాతోబాటే... నొక్కతా ఉండారు."

"ఎవరక్కా? ఈడ నువ్వొక్కదానివే కదా!"

ఆమె చూపు అతని భుజం మీదుగా వెనక్కి పోయింది. అక్కడే నిలిచిపోయింది.

అతను తిరిగి చూడలేదు.

డాక్టరు వచ్చి, చెయ్యి పట్టుకుని చూసి, పది నిమిషాలు ముందు పిలిచి ఉండాల్సింది అన్నాడు. ఎవరినీ తప్పుపట్టకుండానే అన్నాడు.

అక్కను తీసుకుపోయాక హాలుకు తాళం వేశారు. గోపాలస్వామి ఆమె బటన్ విప్పి, బ్యాటరీ తీసి, మిగతా ఏడింటి పక్కన పెట్టాడు. బోర్డు పీకేద్దామని దాని ముందు కూర్చున్నాడు.

నాలుగో బల్బు మినుకుమంది.

ఒకటి. సరిగ్గా నాలుగో సెకనులో. ఆమె వంతులో.

రెండు.

ఒకే వంతులో ఇద్దరు నొక్కితే ఏదీ చేరదు. మూడోదానికి అడ్డుపడడానికి ఇప్పుడు ఆ గదిలో అక్క లేదు...

మూడు.

గంట మోగింది. ఒక్క గరగర లేదు. బతుకులో అతను చేసినవాటిలో అంత శుభ్రంగా పనిచేసింది అదొక్కటే.

లూర్దుమేరి హాలు తాళంచెవి అతని ముందుకు చాపింది. "మూడయింది సార్..."

అతను అందుకోలేదు.

ఐదో బల్బు మినుకుమంది. తర్వాత ఆరు. ఏడు. ఎనిమిది. మళ్ళీ ఒకటి... తొందర లేదు. తోపులాట లేదు. ఒకరికొకరు అడ్డు రాకుండా, ఎవరి వంతు వచ్చేదాకా వాళ్ళు ఆగి, తాళం వేసిన ఖాళీ హాల్లోంచి ఎనిమిది మంచాలూ మూడేసిసార్లు పిలిచాయి.

మూడుసార్లు పిలిచినవాళ్ళకు ఏమని పలకాలో గోపాలస్వామికి ఇప్పటికీ తెలీదు.