దూది నూగు

పిచ్చుక మళ్లీ గోకేసుకుంది... మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక నెత్తురు చెమ్మ! గొంతు సన్నగా ఉంటుందని ఆ ఐదేళ్ల పిల్లకు పెట్టిన ముద్దుపేరది. ఇప్పుడు ఒళ్లూ పిచ్చుకంతే అయింది. ఎందుకవదు? నాయనమ్మ ముందు గుడ్డు మానిపించింది, తరవాత పాలు, ఆ తరవాత పప్పు. తీసివేతలన్నీ పోను కంచంలో మిగిలింది ఉత్త అన్నం. "నీ పాలలోనే ఏదో దోషముంది" అని కోడల్ని సాధించడం మాత్రం ఆవిడ మానలేదు.

తండ్రిది పరుపుల వ్యాపారం. కింద కొట్టు, పైన కాపురం. పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టివ్వడం పని. మిషను తిరిగినంతసేపూ మెట్ల మీదుగా నూగు పైకి లేస్తూనే ఉంటుంది. అలవాటైన వాళ్లకు అది గాలి కిందే లెక్క. కూతురి ఒళ్లు పేలినప్పుడల్లా అతను దాని పరుపు విప్పి, అదే దూదిని మరింత మెత్తగా ఏకి కుట్టేవాడు. పిల్ల అందులో ముఖం దాచుకుని పడుకునేది...

ఆ వేళ చర్మం డాక్టరమ్మ, పిల్లను తీసుకొచ్చిన తల్లి జడలో చిక్కిన దూది పోగు చూసి, ఇంట్లో ఏం పని చేస్తారని అడిగింది. పాత దూదిలో దుమ్ము, కంటికి కనపడని పురుగులు, ఉక్క, చెమట, ఘాటు సబ్బు, ఇలాంటి చర్మాన్ని ఇవన్నీ రెచ్చగొట్టగలవంది. కొన్నాళ్లు వేరేచోట ఉంచి చూడమంది.

పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. మందు అదే, పూత అదే. డాక్టరమ్మ చెప్పినట్టు గుడ్డూ పాలూ కూడా మొదలుపెట్టారు. అయినా పుండ్లు మానాయి. ఇంటికి తెచ్చిన సాయంత్రానికే మెడ ఎర్రబడింది.

కొట్టు మూసేస్తానన్నాడు భర్త. మూసి? అతనికి మరో పని రాదు. అత్తగారి గుండె మందులైనా, పిల్ల పూతమందైనా ఆ మిషను తిరిగితేనే. వేరే చోటికి మార్చే స్తోమత లేదు. తల్లి అన్ని వైపులా లెక్క చూసింది, ఎటు చూసినా నష్టమే.

"కొట్టు ఉండనీ," అంది. "పిల్లని అక్క దగ్గరే పెంచుదాం."

"ప్రతిసారీ దాని పరుపు నా చేత్తోనే కుట్టానే..." అన్నాడతను.

అత్తగారు కంచం ముందు నుంచి లేచిపోయింది. "దాని నోటి దగ్గర కూడు లాక్కున్నాను. నింద నీ మీద వేశాను. ఏ మొహం పెట్టుకుని తినమంటావే తల్లీ?" కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, అన్నం కలిపి ఇచ్చింది. క్షమించడానికి ఓపిక కావాలి. ఆ రోజు అది ఆమె దగ్గర లేదు.

ఇప్పుడు కొట్టుకు సెలవైనప్పుడల్లా ఆమె అక్క ఇంటికి వెళుతుంది. వెళ్లగానే తలస్నానం చేసి, అక్కడే ఉంచిన బట్టలు కట్టుకోవాలి. ఆ తరవాతే పిల్లను ముట్టుకోవడం. నిన్న తలుపు తీయగానే పిచ్చుక పరుగెత్తుకొచ్చింది. అంతలోనే ఆగి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"స్నానం అయ్యాకే కదమ్మా?"

చెంపలు నున్నగా, నిండుగా ఉన్నాయి. గిట్టుబాటు బేరమే అనుకుంది తల్లి, గుమ్మం బయటే నిలబడి.