గురువారం చుర్రోలు

ఆ ఇంట్లో పొయ్యి మీదికి నూనె బాణలి ఎక్కేది గురువారం ఒక్కరోజే. ఆ రోజు ఉదయం తొమ్మిదికి ఇంటావిడ పెద్దాయన్ని తీసుకుని ఆసుపత్రికి బయలుదేరుతుంది. పొట్ట దగ్గరి గొట్టానికి కట్టు మార్పించుకుని తిరిగొచ్చేసరికి ఒంటిగంట. ఆ రోజు మధ్యాహ్నం పనికి వెళ్ళే కూతురు ఆలోపే వేయించేవి వేయించాలి, తినేవి తినాలి, కిటికీలన్నీ తెరిచి వాసనను బయటికి తోలెయ్యాలి. మిగతా ఆరు రోజులూ ఉడకబెట్టినవీ, చల్లారినవీ.

ఈ చట్టం చేసింది ఇంటావిడే. ఆవిడ భర్త, పెద్దాయన, మరమ్మతుల షెడ్డులో నలభై ఏళ్ళు ఫిట్టరుగా చేశాడు. ఎనిమిది నెలల కిందట గొంతులో గడ్డకి ఆపరేషన్ చేసి, మాటతో పాటు తిండి దిగే దారి కూడా తీసేశారు. మెడ మీది రంధ్రంలోంచి ఊపిరి, పొట్టలోని గొట్టంలోంచి పొడి కలిపిన పాలు, మాట్లాడటానికి ఒక పలక. చెప్పొద్దూ, తిండి అంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయన ముక్కుకి వేపుడు వాసన తగిలితే ఎంత అల్లాడిపోతాడోనని ఆవిడ బెంగ. అందుకని ఆవిడ పెరటి మెట్ల మీద కూర్చుని తింటుంది. కూతురు తను పనిచేసే కళ్ళద్దాల దుకాణంలో తినేసి వస్తుంది. మనవరాలికి ఇంకో ఆంక్ష కూడా ఉంది. బడిలో ఏం తిన్నదీ తాతయ్య దగ్గర ఎత్తకూడదు. ఇల్లంతా వసపిట్ట అని పిలిచే పిల్లకి అదెంత శిక్షో వేరే చెప్పాలా. భోజనాల బల్ల మీద ఇప్పుడు ఇస్త్రీ బట్టలూ పాలపొడి డబ్బాలూ పేర్చి ఉంటాయి.

ఈ గురువారం వసపిట్టకి ఎనిమిదేళ్ళు నిండాయి. కేకు వద్దంది. బడి సంతలో ఒక్కసారి తిన్న చుర్రోలు కావాలంది. కర్రల్లా పొడుగ్గా వేయించి, దాల్చినచెక్క కలిపిన పంచదారలో దొర్లిస్తారే, అవి. కూతురు దుకాణానికి పూర్తిగా సెలవు పెట్టి, పిల్లని బడి మాన్పించి, అమ్మా నాన్నా వీధి మలుపు తిరగ్గానే పని మొదలెట్టింది.

చేసి ఎరగదు. ఫోనులో చూస్తూ మరిగే నీళ్ళలో వెన్నా ఉప్పూ వేసి, మైదా పోసి, గరిటె విరుగుతుందేమో అన్నంతగా కలిపింది. ఆ ముద్దని జంతికలు వత్తే గొట్టంలో కూరి, అడుగున గుండ్రటి చిల్లున్న బిళ్ళ బిగించింది. ఎంత వత్తినా కదిలితేనా. వసపిట్ట తల్లి చెయ్యి పట్టుకుని వేలాడితే అప్పుడు దిగింది. మొదటి రెండూ చక్కగా ఎర్రబడ్డాయి. మూడోది బొద్దుగా ఉబ్బి, ఠప్పున పేలింది. నూనె గోడ మీదికి చిమ్మింది. పిల్లని వెనక్కి లాగబోయిన కూతురి మణికట్టు మీద కూడా పడింది.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. డాక్టరు రాలేదట, పదిన్నరకే వెనక్కి పంపేశారట. తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత గబగబా వచ్చి పొయ్యి కట్టేసి, తువ్వాలుతో పొగని కిటికీ వైపు విసరడం మొదలెట్టింది.

"ఏం పని ఇది?" గొంతు పెంచలేదావిడ. "ఆ మనిషికి చుక్క నీళ్ళు దిగవు. ఆయన ముక్కు ముందర నూనె కాగబెడతావా?"

"మీరు ఒంటిగంటకి వస్తారనుకున్నానమ్మా. పిల్ల పుట్టినరోజు."

పుట్టినరోజైతే బయట కొనిపెట్టొచ్చుగా, ఇల్లే దొరికిందా అంది తల్లి. ఎనిమిది నెలలుగా అణచుకున్న ఉక్రోషం కూతురికి ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

"ఇది ఇల్లేనా? నా బిడ్డ సొంతింట్లో దొంగలా తింటోంది. నువ్వు వానలో గొడుగేసుకుని మెట్ల మీద తింటున్నావు. నలుగురం కలిసి కూర్చుని ఎన్నాళ్ళయిందో చెప్పు."

"ఆయన చూస్తుంటే నాకెలా దిగుతుందే? నా వల్ల కాదు."

పెద్దాయన ఈ గొడవేదీ పట్టించుకోలేదు. కూతురి చెయ్యి పట్టుకెళ్ళి కుళాయి కింద పెట్టి, ఎరుపు తగ్గిందా లేదా అని వంగి చూస్తున్నాడు. తల్లి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. "గదిలోకి పదండి. ఈ వాసనలో నిలబడొద్దు."

ఆయన చెయ్యి విడిపించుకుని పలక అందుకున్నాడు.

'ఏం వాసన?'

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనే చెరిపి మళ్ళీ రాశాడు. 'గాలి మెడలోంచే పోతోంది. ముక్కు పనిచెయ్యదు. ఆపరేషన్ అయినప్పట్నుంచీ నాకే వాసనా తెలీదు.'

తల్లి మొహంలో నెత్తుటి చుక్క లేదు. "మరి నాకు చెప్పలేదేమండీ?"

'నువ్వు అడగలేదు.' దాని కిందే ఇంకా రాశాడు. 'నా మెడ చూస్తే మీకు ముద్ద దిగట్లేదనుకున్నాను. అందుకే మీరు తినే వేళకి నేనే తలుపేసుకునేవాణ్ణి.'

తల్లి పలక తన చేతిలోకి తీసుకుని మళ్ళీ చదివింది. రోజూ మధ్యాహ్నం ఆ తలుపు పడితే, ఆయన నిద్రపోయాడనుకుని కంచం తీసుకుని చప్పుడు కాకుండా మెట్ల మీదికి వెళ్ళేది తను. తలుపుకి అవతల ఆయన మేలుకుని, నన్ను చూసి అసహ్యపడుతున్నారు పాపం, కాస్త తిననీ అనుకుంటూ కూర్చునేవాడన్నమాట. ఎనిమిది నెలలు. ఆవిడ ఆయన చేతిని మొహానికి అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కూతురు ఓదార్చబోయి తనే ఏడ్చేసింది.

ఏడవనిచ్చాడు పెద్దాయన. తర్వాత పేలిపోయిన చుర్రోని వేళ్ళతో విప్పి చూశాడు. గొట్టంలోంచి బిళ్ళ ఊడదీసి, చిల్లు చుట్టూ బొటనవేలు తిప్పాడు. 'గుండ్రం పనికిరాదు. పిండిలో ఆవిరి సమంగా పోదు. చిల్లు చుట్టూ రంపంలా పళ్ళుండాలి.' ఆపరేషన్ తర్వాత ముట్టుకోని పనిముట్ల పెట్టె మంచం కిందినుంచి బయటికొచ్చింది. బల్ల మీది బట్టలూ డబ్బాలూ ఆయనే కుర్చీలోకి మార్చి, సన్నటి ఆకురాయితో ఎనిమిది పళ్ళు కోశాడు. ఎనిమిదెందుకని వసపిట్ట అడిగితే ఆమె తల మీద తట్టాడు.

ఈసారి ఒక్కటీ పేలలేదు. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. పెద్దాయన పాలసంచీని కిటికీ కొక్కేనికి తగిలించి గొట్టం కలుపుకున్నాడు. అందరిముందూ అలా కలుపుకోవడం అదే మొదటిసారి. తల్లి చుర్రో పట్టుకుని ఎంతసేపటికీ నోట్లో పెట్టుకోలేకపోయింది. ఆయన అలాగే చూస్తూ కూర్చున్నాడు. చివరికి కళ్ళు మూసుకుని ఒక్క ముక్క కొరికింది. కరకరమన్న చప్పుడుకి ఆయన కనుబొమలు పైకి లేచాయి.

వసపిట్ట తన చుర్రోలో సగం నమిలి, అమ్మమ్మ కొంగు లాగింది. "అమ్మమ్మా, ఎలా ఉందో తాతయ్యకి ఇప్పుడు చెప్పొచ్చా?"

అమ్మమ్మ తలూపింది. పెద్దాయన పలక తుడిచి రాశాడు.

'చెప్పు. అన్నీ చెప్పు.'

వసపిట్ట చేతులు తుడుచుకుని, ఆయన కుర్చీకి దగ్గరగా జరిగి, ఎనిమిది నెలల కిందట బడిలో తిన్న మొదటి భోజనం దగ్గర్నుంచి మొదలుపెట్టింది.