ఉతకని జంఖానా

శనివారం పొద్దున్నే క్రిస్టీనా అటక మీంచి పాత జంఖానాని దింపింది. పురికొస తెంపి, పాలిథిన్ సంచిలోంచి తీసి హాల్లో పరవగానే "అబ్బ, అసలైన వింటేజ్!" అని మురిసిపోయింది. మెరూన్ చారలు వెలిసి ఇటుక రంగులోకి దిగాయి. అలా వెలిసిన రగ్గుల కోసమే నెల్లాళ్ళుగా ఫోన్లో వెతుకుతోంది ఆ పిల్ల. పేము కుర్చీ, గోడకి తాళ్ళ అల్లికలు, నేల మీద దిళ్ళు అన్నీ ముందే వచ్చేశాయి. ఇదంతా బోహీమియన్ స్టైల్ అట. పదకొండింటికి ఆఫీసు స్నేహితులు ఇల్లు చూడటానికి వస్తున్నారు.

వంటింటి గుమ్మంలోంచి అత్తగారు జయకుమారి అంతా చూస్తోంది. ఆ జంఖానా ఆవిడదే. గుంటూరులోనే ఒక కోల్డ్ స్టోరేజీలో పద్దెనిమిదేళ్ళు దాని మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీసింది. పోగుపోగులోనూ కారం ఇంకిపోయింది. వేరే నెలల్లో అయితే ఘాటుకే తెలిసిపోయేది. కానీ ఇది మార్చి, యార్డు నిండా మిర్చి. ఊరంతా తుమ్ముతుంటే కోడలికి వచ్చిన రెండు తుమ్ములు ఒక లెక్కా?

"ఉతకవా?" అంది జయకుమారి ముక్తసరిగా.

"ఉతికితే ఈ రంగు పోతుంది అత్తయ్యా. దీని అందమే అది. మీకివి తెలియవులెండి. డెకరేషన్ విషయంలో మాత్రం దయచేసి కలగజేసుకోకండి."

తెలియవట! జయకుమారికి చిర్రెత్తుకొచ్చింది. కిందటి వారమే 'ఈ ఇంటికి నప్పదు' అని ఆవిడ ట్రంకుపెట్టెని బాల్కనీలోకి నెట్టేసింది ఈ కోడలు. కొడుకు మార్క్ తక్కువ తిన్నాడా? పెళ్ళప్పుడే చేతులు పట్టుకుని, "నువ్వు తొడిమలు తీసేదానివని క్రిస్టీనాకి చెప్పకమ్మా. స్టోరేజీలో క్లర్కువని చెప్పాను" అన్నాడు. నాలుగేళ్ళుగా ఆవిడ నోరు విప్పలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకు విప్పాలి? నలుగురి ముందూ అరచేతులు మండితే అప్పుడు తెలుస్తుంది అనుకుంది. నిజం చెప్పాలంటే, అలా అనుకుంటే ఆవిడకి హాయిగా కూడా అనిపించింది.

పది దాటాక హాల్లోంచి మనవరాలి కేక వినపడింది. రెండేళ్ళ పాప నిద్ర లేచి వచ్చి, జంఖానా మీద దొర్లి, ఆ చేతులతోనే కళ్ళు నులుముకుంది. మొహం ఎర్రగా కందిపోయింది. క్రిస్టీనా తడిగుడ్డతో తుడుస్తోంది. తుడిచేకొద్దీ పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

"రుద్దకు! అది కారం!"

జయకుమారి పరుగెత్తుకొచ్చి పాపని లాక్కుంది. కళ్ళు చన్నీళ్ళతో కడిగింది. బట్టలు విప్పి ఒంటికి పెరుగు పూసింది. చాలాసేపటికి గానీ ఏడుపు వెక్కిళ్ళలోకి దిగలేదు. అప్పుడే మార్క్ పునుగుల పొట్లంతో లోపలికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"దాంట్లో కారం ఉందని మీకెలా తెలుసు?" అంది క్రిస్టీనా. అత్తగారు పాప వైపు తిరిగింది. "తెలిసే నన్ను పరవనిచ్చారు కదూ? కోపముంటే నన్ను తిట్టండి. పసిదాన్ని ఏడిపిస్తారా? మీరసలు మనిషేనా?"

"నోరు జారకు! నన్ను కలగజేసుకోవద్దన్నది ఎవరు? అసలు నా నోరు కట్టేసింది ఎవరో వీణ్ణడుగు. ఒరేయ్ మార్కూ, చెప్పరా, మీ అమ్మ క్లర్కా?"

"అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు?"

"ఎందుకా? తొడిమలు తీశానే అమ్మాయ్, తొడిమలు! ఈ జంఖానా మీద కూర్చునే వీణ్ణి ఇంజనీరుని చేశాను. అది వీడికి సిగ్గుచేటు, నీకేమో వింటేజూ!"

క్రిస్టీనా మొగుడి వైపు తిరిగింది. "నాలుగేళ్ళు అబద్ధం చెప్పావా మార్క్?"

"నువ్వు చిన్నచూపు చూస్తావేమోనని..."

"చూసింది నువ్వు! నేను కాదు." అని మళ్ళీ అత్తగారి వైపు చూసింది. "మీరేం తక్కువ కాదు. ఇకమీదట పాపని మీ దగ్గర వదలను."

జయకుమారికి ఆ ఇంట్లో ఉన్నదల్లా ఆ పిల్లే.

"వదలకు," అంది. "నీ చేతులు మండాలనే ఊరుకున్నాను. కసితోనే ఊరుకున్నాను. పాప లేస్తుందన్న ధ్యాసే లేకపోయింది. నీ స్థానంలో నేనున్నా వదలను."

క్రిస్టీనా స్నేహితులకి ఫోన్ చేసి రావద్దని చెప్పింది. ఫోను కింద పెట్టి అరచేతుల్ని ఊదుకుంటోంది. జయకుమారి పెరుగు గిన్నె తెచ్చింది.

"చేతులిలా తే."

"అక్కర్లేదు."

ఆవిడ కదలకుండా నిలబడింది. చివరికి ఓర్చుకోలేక క్రిస్టీనా చేతులు చాపింది. కాసేపటికి, "మీకు రోజూ ఇలాగే మండేవా?" అంది, ఇంకా కోపంగానే.

"పనికి పోయిన రోజల్లా మండేవి. వీడప్పుడు చంటివాడు. అరచెయ్యి తగిలితే గుక్కపట్టేవాడు. అందుకని చేత్తో తాకేదాన్ని కాదు, మోచేతులతోనే ఎత్తుకునేదాన్ని." జయకుమారి ఇంకాస్త పెరుగు పూసింది. "అంత జాగ్రత్త పడ్డదాన్ని... ఇవాళ నా మనవరాల్ని..."

మాట పూర్తికాకుండానే భోరుమంది. గోడకి ఆనుకుని నిలబడ్డ మార్క్ తల్లి మొహం చూడలేక తల దించుకున్నాడు. క్రిస్టీనా లేచి, తన చేతులు తగలకుండా, మోచేతులతో అత్తగారిని దగ్గరికి తీసుకుంది.